హీరోయిన్‌కి వెయ్యని చలి మనకెందుకు వేస్తుంది?

రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు రాశారు. ఇంజనీరింగు పూర్తయిందట. ఉద్యోగంలో చేరేలోపు నలుగురు స్నేహితులు కలిసి జనవరిలో కేదార్‌కంఠ ఎక్కాలని ముహూర్తం పెట్టుకున్నారట. "సినిమాల్లో హీరోయిన్ పల్చటి చీర కట్టుకుని మంచులో పాట పాడేస్తుంది గదా! జాకెట్లు వేసుకుని మేము నాలుగు రోజులు నడవలేమా?" అని ప్రశ్న. హాస్యానికే అడిగారనుకోండి. కానీ ఆ హాస్యాన్ని సగం నిజమని నమ్మి బయల్దేరే కుర్రాళ్ళు చాలామందే ఉన్నారు. డిసెంబరు వచ్చిందంటే ఢిల్లీ రైళ్ళలో, డెహ్రాడూన్ బస్టాండులో వీపు సంచీలతో తెలుగు మాటలు వినపడుతూనే ఉంటాయి. కనక ఈ వారం తారల కబుర్లకి సెలవు. మంచు కబుర్లు చెప్పుకుందాం.

ముందు హీరోయిన్ సంగతి తేల్చేద్దాం. ఆవిడకి చలి వెయ్యదని ఎవరన్నారు? బ్రహ్మాండంగా వేస్తుంది! హీరోగారికేమో స్వెట్టరు, దానిమీద కోటు, మెడకో మఫ్లరు. ఆవిడకి షిఫాన్ చీర. ఈ అన్యాయం మన దర్శకులు ఏ రాజ్యాంగం ప్రకారం చేస్తున్నారో నాకు తెలీదు. అయితే ఒక రహస్యం ఉంది. పాట తీసేది మిట్టమధ్యాహ్నం, ఎండ బాగా ఉన్నప్పుడు, గాలి లేనప్పుడు. నేల మీద మంచు ఎంతున్నా, ఒంటిమీద తడి లేకుండా ఎండలో నిలబడితే కాసేపు ఓర్చుకోవచ్చు. షాటు నిమిషంలో అయిపోతుంది. "కట్" అనగానే టచప్ అమ్మాయి శాలువాతో పరిగెత్తుతుంది, ఇంకొకరు వేడి టీ పట్టుకొస్తారు, పక్కనే ఇంజను ఆపని కారు ఉంటుంది. చలికి పళ్ళు టకటక కొట్టుకున్న ఫ్రేములు ఎడిటింగులో ఎగిరిపోతాయి. మనకి మిగిలేది చిరునవ్వు.

అసలు మంచే కానిది కూడా బోలెడు చూశాం. 1992లో వచ్చిన 'రోజా'లో మనం కాశ్మీరనుకుని కళ్ళప్పగించి చూసింది చాలావరకు మనాలీ. అక్కడి పరిస్థితుల్లో కాశ్మీరు వెళ్ళే వీల్లేక అలా తీశారు. అది నయం, మంచైనా నిజం! హాలీవుడ్‌లో ఒకప్పుడు కార్న్‌ఫ్లేక్స్‌కి తెల్ల రంగు వేసి చల్లేవాళ్ళు. వాటిమీద నటులు నడుస్తుంటే అప్పడాలు నమిలినట్టు చప్పుడు. మాటలు మళ్ళీ డబ్బింగు చేసుకోవాల్సి వచ్చేది. ఫ్రాంక్ కాప్రా 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' తీస్తూ ఆ బాధ పడలేక, మంటలార్పే నురగలో సబ్బూ నీళ్ళూ కలిపించి చప్పుడు చెయ్యని మంచు సృష్టించాడు. సినిమా 1946లో విడుదలైంది. ఆ మంచు కురిపించింది అదే ఏడు ఎండాకాలంలో! నటులు ఉన్ని కోట్లలో చెమటలు కక్కుతూ చలి నటించారు. మన హీరోయిన్లకి సరిగ్గా తిరగబడ్డ కష్టం.

ఇంకా వెనక్కి పోతే 1925 నాటి చాప్లిన్ 'గోల్డ్ రష్'. మొదటి దృశ్యం తలుచుకోండి. తెల్లటి కొండ, దానిమీద నల్ల చీమలబారులా మనుషులు, ఒకరి వెనక ఒకరు, వీపున మూటలతో. ఆ దృశ్యం మటుకు కాలిఫోర్నియాలో ట్రకీ అనే ఊరి దగ్గర నిజమైన మంచు కొండ మీద, వందలమందిని ఎక్కించి తీశారు. తరవాత గుడిసెలో చాప్లిన్ బూటు వండుకు తినేదంతా స్టూడియోలో, ఉప్పూ పిండీ చల్లిన మంచులో. ఆ బూటు కూడా అతిమధురంతో చేసిన మిఠాయే లెండి.

కానీ ఆ చీమలబారు కల్పన కాదు. అలాస్కాలో చిల్కూట్ కనమ అది. 1897-98 చలికాలంలో క్లోండైక్‌లో బంగారం దొరికిందని విని ఊళ్ళకి ఊళ్ళు కదిలిపోయాయి. కెనడా సరిహద్దు పోలీసులు ఒక షరతు పెట్టారు: ఏడాదికి సరిపడా సరుకు మోసుకొస్తేనే లోపలికి రానిస్తాం. అంటే మనిషికి సుమారు ఒక టన్ను! బియ్యం బస్తాల లెక్కలో చెప్పాలంటే వంద కేజీలవి పది. అంత బరువు ఒక్కసారి ఎవడు మొయ్యగలడు? కాస్త కాస్తగా ఎత్తుకెళ్ళి పైన దించి, మంచులో కూచుని జర్రున కిందికి జారి, మళ్ళీ ఎత్తుకునేవాళ్ళు. ఇలా ముప్ఫై, నలభైసార్లు. డబ్బున్నవాళ్ళు త్లింగిట్ తెగ కూలీల్ని పెట్టుకున్నారు.

1898 ఏప్రిల్ 3న ఏం జరిగిందో చూడండి. అంతకుముందు విపరీతంగా మంచు కురిసింది, తరవాత వాతావరణం కాస్త వెచ్చబడింది. అనుభవమున్న కూలీలు "ఇవాళ కొండెక్కం" అని కూచున్నారు. బంగారం తొందరలో ఉన్నవాళ్ళు వినలేదు. మంచు చరియ విరిగిపడి అరవైమందికి పైగా పోయారు. చాప్లిన్ సినిమాలో ఇది లేదు, నవ్వుల సినిమా కనక ఉండనక్కర్లేదు. కానీ కొండదారిలో "ఇవాళ వద్దు" అనే ఆ మనిషి ఉన్నాడే, ఆయన సినిమాల్లో దాదాపు ఎప్పుడూ కనపడడు. కనపడ్డా, ఆయన మాట కాదని హీరో వెళ్ళి గెలుస్తాడు!

సరే, కేదార్‌కంఠకి వద్దాం. ఉత్తరాఖండ్‌లో ఉత్తరకాశీ జిల్లా. డెహ్రాడూన్ నుంచి ముస్సోరీ, పురోలా, మోరీ మీదుగా సాంక్రీ అనే పల్లెకి దాదాపు రెండు వందల కిలోమీటర్లు. కొండదారి కదా, పగలంతా జీపులోనే గడుస్తుంది. సాంక్రీ నుంచి నడక. దేవదారు అడవిలోంచి జూడా కా తాలాబ్ అనే గడ్డకట్టిన చిన్న చెరువు, అక్కడినుంచి పై మకాం, అక్కడినుంచి చీకటితో లేచి శిఖరం. ఎత్తు సుమారు 12,500 అడుగులు. చలికాలంలో ఎక్కగలిగే కొండల్లో ఇది సులువైనదని పేరు. ఆ పేరే కొంప ముంచుతోంది! సులువంటే మిగతా కొండలతో పోల్చి సులువని అర్థం, తిరుమల మెట్లతో పోల్చి కాదు. పైన గాలి పీడనం సముద్రపొడ్డున ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులక్కూడా రాదు. రాత్రి చలి సున్నాకి కింద పది డిగ్రీల దాకా దిగుతుంది.

శిఖరం మీదినుంచి చూస్తే ఎదురుగా స్వర్గారోహిణి. పాండవులు మహాప్రస్థానంలో నడిచిన దారి అటేనని అక్కడివాళ్ళ నమ్మకం. ద్రౌపదితో మొదలుపెట్టి ఒక్కొక్కరే పడిపోగా చివరికి ధర్మరాజూ, వెంట ఒక కుక్కా మిగిలారని చదువుకున్నాం గదా. సాంక్రీ కుక్కలు ఈనాటికీ ఆ సంప్రదాయం వదల్లేదు. బిస్కట్ల ఆశతో పై మకాం దాకా వస్తాయి. ధర్మరాజులు మారుతుంటారు, అంతే.

ఇప్పుడు అసలు విషయం. మంచులో మనిషికి శత్రువు చలి అనుకుంటారు. చలికంటే ముందు చూసుకోవాల్సింది తడిని. కదలని గాలికంటే నీరు ఒంటి వేడిని సుమారు పాతికరెట్లు వేగంగా లాగేస్తుంది. ఈ తడి ఆకాశంలోంచే రానక్కర్లేదు, మన ఒంట్లోంచే వస్తుంది. పొద్దున చలికి ఉన్న బట్టలన్నీ తొడుక్కుని బయల్దేరతాం. అరగంట ఎక్కేసరికి లోపల చెమట. "ఫరవాలేదు, వెచ్చగా ఉంది" అనుకుంటాం. ఆగి టీ తాగుతాం. అంతే! ఆ చెమట చల్లబడి ఒంటికి అంటుకుని వణికించడం మొదలెడుతుంది. అందుకే కొండవాళ్ళు బయల్దేరేటప్పుడు కాస్త చలిగా ఉండేట్టే బయల్దేరతారు. చెమట పట్టబోతుంటే ఒక పొర విప్పుతారు, ఆగగానే మొట్టమొదట కోటు తొడుక్కుంటారు, తరవాతే టీ. ఒకటే పెద్ద కోటు కంటే మూడు పల్చటి పొరలు మేలనేది ఇందుకే. చెమటని పీల్చి బయటికి పంపే లోపలి చొక్కా, వేడిని పట్టి ఉంచే ఉన్ని లేదా ఫ్లీసు, గాలినీ మంచునీ ఆపే పై కోటు.

నూలు బట్టలు మాత్రం వద్దు. మన ఎండలకి అమృతంలాంటివే గానీ, మంచులో చెమట తాగి ఆరవు. జీన్స్ అయితే మరీ అన్యాయం. నేను వెళ్ళిన ఏడు పై మకాంలో హైదరాబాదు కుర్రాడొకడు తడిసిన జీన్స్‌ని గుడారం తాడుమీద ఆరేసి పడుకున్నాడు. తెల్లారి చూస్తే రేకులా బిగుసుకుపోయి ఉంది. నేలమీద నిలబెడితే నిలబడింది! అందరం ఫొటోలు తీసుకున్నాం. వాడు మాత్రం నైటు ప్యాంటు మీద ఎవరిదో వాన ప్యాంటు తొడుక్కుని కిందికి నడిచాడు. ఉన్ని అలా కాదు. తడిసినా కొంత వేడి నిలుపుతుంది. ఈ సంగతి మన గొర్రెలకాపరికి ఎవరూ చెప్పక్కర్లేదు. గొంగళి నెత్తిన వేసుకుని వానంతా మంద వెనకాల తిరిగే మనిషి ముందు కంపెనీ కేటలాగులు దిగదుడుపు. గొంగళి మోసుకెళ్ళమని కాదు, ఆ కిటుకు పట్టుకెళ్ళమని.

నీళ్ళు తాగడం ఇంకో తంటా. చలికి దాహం తెలీదు. కానీ పొడిగాలిలో ఆయాసపడుతూ ఊపిరి వదిలినప్పుడల్లా ఒంట్లో నీరు పోతూనే ఉంటుంది. మంచు తింటే పోలా అంటారు కొందరు. పోదు. దాన్ని కరిగించడానికి మన ఒంటి వేడే ఖర్చవుతుంది. రాత్రి సీసాలో వేడినీళ్ళు పోసి, మూత గట్టిగా బిగించి, మేజోడులో దూర్చి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి. కాళ్ళకి వెచ్చదనం, పొద్దున తాగడానికి గడ్డకట్టని నీళ్ళు. సెల్‌ఫోను, టార్చి బ్యాటరీలు కూడా అందులోనే పడుకోబెట్టాలి, చలికి వాటి శక్తి పడిపోతుంది. నల్లద్దాలు స్టయిలు కోసం కాదు. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్ని ఎనభై శాతం దాకా తిప్పికొడుతుంది. ఒక్కరోజు అద్దాల్లేకుండా నడిస్తే ఆ రాత్రి కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటుంది.

సినిమా నేర్పిన మరో పాఠం, దీన్ని వెంటనే మర్చిపోవాలి. నీళ్ళలో పడ్డవాడికో, చలికి కొయ్యబారినవాడికో గ్లాసులో బ్రాందీ పోసి తాగిస్తారు. ఎన్ని సినిమాల్లో చూశామో! మందు తాగితే చర్మం దగ్గరి రక్తనాళాలు విచ్చుకుంటాయి, వేడి పైకి వస్తుంది, వెచ్చగా అనిపిస్తుంది. నిజానికి లోపలి వేడి బయటికి పోతోందన్నమాట. పైగా బుద్ధి మందగిస్తుంది. అలాగే మొద్దుబారిన వేళ్ళని మంచుతో రుద్దడం, మంట దగ్గర పెట్టడం రెండూ తప్పే. రుద్దితే చర్మం చెడుతుంది, స్పర్శ లేని చేతికి కాలుతున్నా తెలీదు. ఇక గుడారంలోనో మూసిన గదిలోనో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం అన్నిటికంటే ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, దగ్గు రాదు. నిద్రలోనే పోతారు.

చలి దెబ్బ మొదట ఎక్కడ కనపడుతుందో తెలుసా? మాటలో, చేతిలో, నడకలో. నాలుక మడతపడుతుంది, జిప్పు వెయ్యడానికి వేళ్ళు రావు, చదునైన చోట తూలతారు. అడిగితే "నాకేం, బానే ఉన్నాను" అంటారు. ఆ మాట నమ్మకండి. వణుకుతున్నవాడు ఉన్నట్టుండి వణకడం మానేసి, తడిబట్టలతోనే "ఇప్పుడు బాగుంది" అంటే అది తగ్గడం కాదు, ముదరడం. తడిబట్టలు మార్చి, పొడి రగ్గుల్లో చుట్టి, కదపకుండా సాయం పిలవాలి. ఎత్తు దెబ్బ వేరు. తలనొప్పి, వాంతి, అన్నం సహించకపోవడం. అవి ఉంటే పైకి పోకూడదు. తగ్గకపోయినా, ముదిరినా ఒకటే వైద్యం, కిందికి దిగడం. మాత్రలూ మందులూ డాక్టర్ని అడిగి ముందే తేల్చుకోవాలి.

మా బృందంలో విజయవాడ దంపతులున్నారు. ఆవిడకి సాయంత్రం నుంచీ తలనొప్పి, రాత్రి రెండుసార్లు వాంతి. గైడు సాంక్రీ మనిషి, పాతికేళ్ళుంటాయేమో. టార్చి వేసి ఆవిడ మొహం చూసి, నాలుగడుగులు నడిపించి చూసి, "దీదీ, మీరు కిందికి" అన్నాడు. భర్త ఊరుకోలేదు. "ఇంత డబ్బు పోసి వచ్చాం, ఇంక పన్నెండొందల అడుగులేగా బాబూ! ఆవిడ ఓర్చుకుంటానంటోంది" అని వాదన. ఆవిడ కూడా ఏడ్చింది, ఏడాదిగా అనుకుంటున్న ప్రయాణమాయె. గైడు కోప్పడలేదు, బతిమాలలేదు. సహాయకుణ్ణి లేపి, ఆవిడ సంచీ తనే సర్ది, రెండు టార్చీలిచ్చి ఆ చీకట్లోనే దింపించాడు. భర్త పైకి రాలేదు, ఆవిడతోనే దిగాడు. అది మాత్రం మెచ్చుకోవాలి. మర్నాడు మేం దిగేసరికి ఆవిడ చెరువుగట్టున ఎండలో కూచుని మాగీ తింటున్నారు! మొహంలో రాత్రి జబ్బు జాడే లేదు. "పైన ఎలా ఉంది?" అని మమ్మల్ని అడిగి, ఫొటోలు చూసి, మళ్ళీ కాస్త కళ్ళు తుడుచుకున్నారు.

ఇది మామూలు సంగతే, పేపర్లో రాదు. పేపర్లో వచ్చేది వేరే. 2024 జూన్‌లో అదే ఉత్తరకాశీ వైపు సహస్రతాల్‌కి వెళ్ళిన ఇరవైరెండుమంది బృందం మంచు తుపానులో చిక్కుకుంది. చాలామంది కర్ణాటకవాళ్ళు. తొమ్మిదిమంది పోయారు. మిగతావాళ్ళని హెలికాప్టర్లు పెట్టి కాపాడాల్సి వచ్చింది. నెల చూశారా? జూన్! ఈదురుగాలి, తడి, అలసట, ఎత్తు కలిస్తే పంచాంగంలో చలికాలమే ఉండనక్కర్లేదు.

పిల్లలు చెయ్యలేదా అంటారు. చేశారు, ఎలా చేశారో చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. వెంట ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్. తెలంగాణ రాష్ట్రం పుట్టడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు. 2017లో రాహుల్ బోస్ 'పూర్ణ' అని సినిమా కూడా తీశాడు. శిఖరం మీద జెండా ఫొటో అందరికీ గుర్తు. కానీ దానికి ముందు భువనగిరి బండమీద తాళ్ళు పట్టుకుని నేర్చుకోవడం, డార్జిలింగులో శిక్షణ, చలికాలంలో లడఖ్ వెళ్ళి గడ్డకట్టే చలిని రుచి చూడ్డం, ఇదంతా నెలల తరబడి జరిగింది. 2015లో వచ్చిన 'ఎవడే సుబ్రహ్మణ్యం' కోసం నాగ్ అశ్విన్ బృందం ఎవరెస్టు బేస్ క్యాంపు దారిలో షూటింగు చేసింది. ఆ కొండలు తెరమీద చూసి ఎంతమంది కుర్రాళ్ళు సంచీ సర్దారో! మంచిదే. సినిమా మనిషిని ఇల్లు కదిలించింది. తరవాత పని సినిమాది కాదు.

కనక రాజమండ్రి మిత్రులారా, వెళ్ళండి. తప్పకుండా వెళ్ళండి. ఇప్పట్నుంచీ రెండు నెలలు వీపున ఎనిమిది కేజీల సంచీతో వారానికి మూడు రోజులు మెట్లెక్కండి. డిసెంబర్లో ఒకసారి చింతపల్లి దగ్గర లంబసింగి వెళ్ళి, హోటలు గదిలో కాకుండా గుడారంలో ఒక రాత్రి పడుకుని చూడండి. అక్కడ వణికితే బస్సెక్కి ఇంటికి రావొచ్చు, కేదార్‌కంఠ మీద ఆ వీలు లేదు. అటవీశాఖ అనుమతి, స్థానిక గైడు, మంచులో జారకుండా బూట్ల కింద తొడిగే ఇనుపపళ్ళ పట్టీలు, వీటి దగ్గర పీనాసితనం వద్దు. వేఫర్ల కాగితాలు మీ సంచీలోనే వెనక్కి తెచ్చుకోండి. ఆ కొండమీద ఇప్పటికే రద్దీ ఎక్కువ. గైడుని మొదటిరోజే పక్కన కూచోబెట్టుకుని ఒక్క మాట అడగండి: "ఏ గంటకి శిఖరం చేరకపోతే వెనక్కి తిప్పుతారు?" ఆయన చెప్పిన గంట నలుగురూ చేతిమీద రాసుకోండి.

మేజోళ్ళు నాలుగు జతలు, అన్నీ ఉన్నివే. మూడు నడకకి. నాలుగోది పడుకోడానికి మాత్రమే, దాన్ని పగలు ఎంత బతిమాలినా స్నేహితుడికి ఇవ్వకండి.